నక్క ముంజేతి కొలత

నాకు పొదగడం రాదు. కోడిపెట్టనై పుట్టి ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు. గుడ్ల మీద కూర్చున్న పావుగంటకే కాళ్లు లాగుతాయి, చెత్తకుప్ప గుర్తొస్తుంది, నేను లేకుండా ఎక్కడో మంచి పురుగులు తిరిగేస్తున్నాయనిపిస్తుంది.

అలాంటి నా దగ్గర వరాలు వదిన పన్నెండు గుడ్లు పెట్టి వెళ్లింది. వదిన బాతు. కోతలైన మళ్లలో మేత కోసం మందతోపాటు ఊళ్లు తిరగాలి. అందుకని మా రైసుమిల్లు దొడ్డిలో బాతుగుడ్లను కోడి కింద పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే.

"ఇరవై ఎనిమిది రోజులే చుక్కీ, కూర్చోగలవా?" అంది.

"అదేం మాట వదినా! నేను కోడిని కానా?" అన్నాను.

రెండో రోజుకల్లా గుడ్లని పొదిగే పెట్టె తయారు. థర్మోకోల్ డబ్బా, నలభై వాట్ల బల్బు, గిన్నెలో నీళ్లు, తొంగి చూడ్డానికి మూతలో గాజుముక్క. ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. వదిన ఫోన్ చేసినప్పుడల్లా "నా కిందే ఉన్నాయి వదినా, వెచ్చగా" అనేదాన్ని, మిల్లు చెత్తలో వైర్లు ఏరుకుంటూ.

పదో రోజున గాజుకి చెమట పట్టింది. బల్బు పక్క గుడ్లు వేడెక్కిపోతున్నాయి, మూలవి చల్లబడుతున్నాయి. మిల్లు బండి లాగే ఎద్దు, కోటయ్య బాబాయ్, నెమరేస్తూనే తల తిప్పి చూశాడు.

"లోపల గాలి ఆడట్లేదే. పెన్సిలు దూరేంత కన్నాలు కింద రెండు, పైన రెండు పెట్టు."

"నువ్వెన్ని గుడ్లు పెట్టావు బాబాయ్?" అన్నాను. పాపం, ఆయన మళ్లీ నెమరులో పడ్డాడు.

అప్పుడే కంచె అవతల దగ్గు వినిపించింది. పానకాలు మావయ్య. నక్క.

"ఆహా, ఏం బుర్ర కోడలుపిల్లా! చుట్టుపక్కల ఏ దొడ్డిలోనూ ఇలాంటి పెట్టె లేదు. ఒక్కటే లోటు. పిల్లలకి ఊపిరాడాలి కదా?"

ఈయనకి విషయం తెలుసు అనుకున్నాను. బాబాయ్ చెప్పిందీ అదే. కాకపోతే బాబాయ్ ముందుగా 'ఆహా' అనలేదు.

"కన్నం ఎంతుండాలి మావయ్యా?"

కంచె సందులోంచి ముంజెయ్యి చాపాడు. "ఇదిగో, ఇంత. గాలి లావుపాటిదమ్మా, సన్న కన్నాల్లో పట్టదు. గుడ్ల ఎత్తులో ఒకటి కొట్టు. గాలి తిరగడానికి ఫ్యాను కూడా కావాలి, అది మాత్రం పైన, మూతకి పెట్టు."

ఆ ముంజేతిని పురికొసతో కొలిచాను. రెండుసార్లు కొలిచి, సరిగ్గా అంతే కన్నం కొట్టాను. అదీ నా శ్రద్ధ.

ఫ్యాను పాత కంప్యూటర్‌లోది. వైరు పొట్టిది, మూతదాకా అందలేదు. మూలనున్న ఐదు గుడ్ల ముందు కిందనే బిగించేశాను, జాలీ కూడా లేకుండా. తప్పని తెలుసు. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పొడుగు వైరు కోసం మిల్లు వెనక్కి వెళ్లాను. పొదిగే కోడైతే లేచేదే కాదు. తిరిగొచ్చేసరికి ఏడు గుడ్లు లేవు. ఫ్యాను వెనక ఐదూ ఉన్నాయి. రెక్కలకి బూడిదరంగు బొచ్చు చుట్టుకుని అది టకటకా కొట్టుకుంటోంది.

సాయంత్రం మావయ్య కుంటుకుంటూ కంచె దగ్గరకొచ్చాడు.

"గాలి బాగా ఆడుతోందా కోడలా?"

"బ్రహ్మాండంగా. చేతికేమైంది మావయ్యా?"

"తుమ్మముల్లు."

"తిరిగే ముల్లా?"

కోటయ్య బాబాయ్ లేచి, కొమ్ములు వంచి రెండడుగులు వేశాడు. మావయ్య మూడు కాళ్ల మీద ఎంత వేగంగా పరుగెత్తగలడో ఆ రోజే చూశాను.

నా పనితనం మొత్తంలో గుడ్లని కాపాడింది ఒక్కటే. అది నేను తప్పుగా చేసింది.

పెద్ద కన్నాన్ని టేపుతో మూసేశాను. పెన్సిలు దూరేవి నాలుగు పెట్టాను. గంటలో గాజు మీద చెమట ఆరింది. టార్చి వేసి చూస్తే ఐదింటిలోనూ సన్నటి ఎర్ర నరాలు, ప్రాణం ఉన్నట్టే. ఇంకా పదిహేడు రోజులు.

"వరాలుకి ఏం చెబుతావే?" అన్నాడు బాబాయ్.

"పాము తిన్నదంటే?"

"అను. మిగతా ఐదూ మళ్లీ నీ చేతుల్లోనే ఉంటాయి. నిజం చెబితే వాటికి కూర్చునే కోడిని వెతుక్కుంటుంది. పిల్లలు ఆవిడవమ్మా."

ఫోను మోగింది. తియ్యలేదు. మళ్లీ మోగింది, ఆగిపోయింది.

సలహా బాగుందా అని చూసేముందు, కొలత ఎవరి చేతిదో చూసుకోవాలి. ఈ నీతికి ఏడు గుడ్లు పట్టాయి.

ముందు ఐదు మిగిలాయని చెప్పాలా, ఏడు పోయాయని చెప్పాలా అని చాలాసేపు తిరిగాను. ఏడే ముందు. వదినకి ఫోన్ చేస్తున్నాను.