దాలమ్మ ఏరుకున్న మసక టార్చి

అనగనగా, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో ఒక ఊరు. ఊరి చుట్టూ ఇసక నేల, ఆ ఇసకలో జీడితోటలు. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు చేపల వేటకి పడవ మీద వెళ్తే నాలుగైదు రోజులకి గాని తిరిగొచ్చేవాడు కాదు. వాళ్ళకి ఆరేళ్ళ కూతురు, పేరు పైడి.

పైడికి పుట్టుకతోనే చెవులు వినబడవు నాన్నా. అందుకని మాటలూ రాలేదు. అయితేనేం, తల్లీకూతుళ్ళు చేతులతో బోలెడు కబుర్లు చెప్పుకునేవారు. బుగ్గ మీద రెండు వేళ్ళు ఆనిస్తే పైడి అని. ముక్కుపుడక ముట్టుకుంటే అమ్మ అని. అరచెయ్యి గుండెకి హత్తుకుంటే దగ్గరికి రా అని. వాళ్ళ భాష వాళ్ళది.

ఒక వేసవి సాయంత్రం ఇద్దరూ జీడిపళ్ళు ఏరడానికి తోటలోకి వెళ్ళారు. పైడి ఒక చెట్టు కింద పండు ఏరింది. అప్పుడు పక్క చెట్టు కింద ఇంకోటి కనబడింది. ఆ తర్వాత ఆ పక్క చెట్టు కింద ఇంకోటి. దాలమ్మ బుట్ట నింపుకుని తలెత్తి చూసేసరికి పిల్ల లేదు. పిలుద్దామంటే వినబడదాయె. చూస్తూండగానే పొద్దు గూకింది. మర్నాడు అమావాస్య, వెన్నెల కూడా లేదు.

ఆ తోటకి అవతలి కొసన ఒక నేలబావి ఉంది. నేలబావికి గట్టు ఉండదు నాన్నా, నేల మీద నోరు తెరుచుకున్నట్టు ఉంటుందంతే. దాలమ్మకి ముందు అదే గుర్తొచ్చింది. మనుషుల కోసం, వెలుగు కోసం ఊళ్ళోకి పరిగెత్తింది.

ముందు ఆవిడ బావగారు లచ్చయ్య వచ్చాడు. అడవిపందుల్ని తరమడానికి కొన్న పెద్ద టార్చి ఉంది అతని దగ్గర. అది వెలిగిస్తే తోటంతా పట్టపగలే. దూరంగా పైడి వేసుకున్న పసుపు గౌను అంచు కనబడింది. అదిగో అనేలోపు చెట్ల వెనక్కి మాయమైపోయింది.

ఆ తర్వాత ఇద్దరు మనుషులు మోటారు సైకిళ్ళు తెచ్చి, వాటి లైట్లు తోటలోకి తిప్పారు. ఈసారి గౌను కూడా కనబడలేదు. ఇసకలో చిన్న చిన్న అడుగులు మాత్రం ఉన్నాయి. దాలమ్మ వంగి చూసింది. మడమల గుర్తులు లేవు, కాలివేళ్ళే లోతుగా దిగి ఉన్నాయి. పిల్ల పరిగెత్తింది. అదీ బావి వైపే.

"దాని కన్నతల్లిని నేనున్నాను. నన్ను చూసి ఎందుకు పారిపోతోంది బావా?" అని అడిగింది దాలమ్మ.

లచ్చయ్య మళ్ళీ టార్చి వెలిగించి చెట్ల మధ్య వేశాడు.

దాలమ్మ ఆ వెలుగు వంకే చూసింది. "ఆ టార్చి ఒకసారి నా మొహం మీద వెయ్యి బావా" అంది. అతను వేశాడు. ఆవిడకి తెల్లటి మంట తప్ప ఏమీ కనబడలేదు. దాని వెనక నిలబడింది బావో, దొంగో, దెయ్యమో తెలియలేదు. పిల్ల ఎందుకు పారిపోతోందో అప్పుడు అర్థమైంది.

"లైట్లన్నీ ఆర్పెయ్యండి. నేనొచ్చేదాకా ఎవరూ అడుగు ముందుకి వెయ్యకండి" అని చెప్పి, తోట మొదట్లో ఉన్న కూర్మయ్య కొట్టుకి పరుగున వెళ్ళింది.

టార్చి కావాలంటే కూర్మయ్య మూడు తీసి బల్ల మీద పెట్టాడు. కొట్లో గోడకి అద్దం ఉంది. దాలమ్మ అద్దం ముందు నిలబడి మొదటిది తన మొహం మీదే వేసుకుంది. మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది, కళ్ళు మూసుకుపోయాయి. రెండోది వేసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మూడోది అన్నిటికన్నా చిన్నది, పసుపు బల్బుది. వేసుకుంటే కిరసనాయిలు దీపమంత వెలుగొచ్చింది. అందులో ఆవిడ కళ్ళు, ముక్కుపుడక, చేతివేళ్ళు మెత్తగా కనబడ్డాయి.

"అది పిల్లలు ఆడుకునే మసక టార్చి దాలమ్మా. దాంతో చీకట్లో నీకేం కనబడుద్ది?" అన్నాడు కూర్మయ్య.

"నాకేం కనబడక్కర్లేదు మావా. నేను కనబడితే చాలు" అంది దాలమ్మ.

ఆ తర్వాత ఒక్కతే తోటలోకి వెళ్ళింది. పరిగెత్తలేదు. టార్చిని కొంగులో దోపుకుని, వెలుగు తన మొహం మీద పడేటట్టు పైకి తిప్పుకుంది. కాస్త దూరం నడిచి ఆగింది. బుగ్గ మీద రెండు వేళ్ళు ఆనించింది, అరచెయ్యి గుండెకి హత్తుకుంది. పైడీ, రా. ఎవరూ రాలేదు. ఇంకాస్త దూరం వెళ్ళి మళ్ళీ చేసింది. ఆకు కూడా కదల్లేదు. ఇంక బావి దగ్గరికి వచ్చేసింది. అక్కడ ఆగి మూడోసారి చేసింది. ముక్కుపుడక ముట్టుకుని అమ్మని, అమ్మని అని చెప్పింది.

అప్పుడు, నేలకి వాలిన జీడికొమ్మ కిందనుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

దాలమ్మ అక్కడే ఇసకలో కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకుంది. మోకాలు గీసుకుపోయింది, అంతే. బావి అక్కడికి నాలుగు బారల దూరంలో ఉంది. అప్పుడు ఏడ్చింది నాన్నా. అప్పటిదాకా ఏడవడానికి ఆవిడకి తీరికెక్కడిది?

పైడి ఆ వెలుగులోనే చేతులు తిప్పి చెప్పింది. పెద్ద తెల్లకన్ను ఒకటి వచ్చిందట. దాని వెనక మనుషులు లేరట. తనని తినేస్తుందని దాక్కుందట.

తోట బయటికి వచ్చాక దాలమ్మ ఆ మాట చెప్తే లచ్చయ్య మొహం చిన్నబోయింది. మసక టార్చి అడిగి తీసుకుని, తన మీసాల కింద పెట్టుకుని పైడి ముందు కూర్చున్నాడు. "నేనే, మీ పెదనాన్ననే" అన్నాడు. పిల్లకి వినబడదని తెలిసీ అన్నాడు. పైడి ఆ మీసాలు పట్టుకుని లాగి నవ్వింది. అతను పిల్లని భుజం మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఇంట్లో చేపల పులుసుతో అన్నం కలిపి పెడితే, మూడో ముద్ద నోట్లో ఉండగానే పైడి నిద్రపోయింది. ఆ ముద్ద మెల్లగా వేలితో తీసి, మూతి తుడిచి, పక్కనే వాలింది దాలమ్మ. పిల్ల ఊపిరి మెడకి వెచ్చగా తగులుతుంటే ఆవిడకీ నిద్ర పట్టేసింది.

తెల్లారేసరికి తోటలో గునపాల చప్పుడు. లచ్చయ్యా, ఊరివాళ్ళూ బావి చుట్టూ తాటిదుంగలు పాతుతున్నారు. మధ్యాహ్నానికి నడుమెత్తు కంచె లేచింది. దాలమ్మ వెళ్ళి ఒక్కొక్క దుంగనీ కదిపి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
నిద్రేమో కంటికి.