రాజుగారు గడప దాటిన రోజు

ఒకానొక రాజ్యంలో మేదినీవర్మ అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాని తనకు తెలియనిది ముల్లోకాల్లో లేదని ఆయన నమ్మకం. ఆయన కొలువులో బయ్యన్న అనే విదూషకుడు ఉండేవాడు. రాజంటే అతనికి ప్రాణం. అందుకే రాజుగారి తప్పు రాజుగారికే చెప్పడానికి జంకేవాడు కాదు.

ఆ ఏడు పొరుగుదేశంలో యుద్ధం వచ్చి ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. నలభై కుటుంబాలు కట్టుబట్టలతో ఈ రాజ్యానికి చేరుకున్నాయి. కోట వెనక పాడుబడ్డ ఏనుగులసాలలో బయ్యన్నే వాళ్లకు చోటు చూపించాడు.

సంగతి తెలిసి రాజు మండిపడ్డాడు.

"బుద్ధున్నవాడెవడైనా సొంత ఇల్లు విడిచి వస్తాడా? వీళ్లు సోమరులైనా అయ్యుండాలి, నేరం చేసి పారిపోయినవాళ్లైనా అయ్యుండాలి. రేపు పొద్దుగూకేలోగా పొలిమేర దాటించండి!"

"ఇల్లు ఎవరూ సరదాకి విడవరు ప్రభూ," అన్నాడు బయ్యన్న.

"నన్నెవడు తరిమినా నా గడప దాటను. దాటించు చూద్దాం! దాటిస్తే వాళ్లను ఉండనిస్తాను. లేదంటే వాళ్లతోపాటు నువ్వూ మూటాముల్లె సర్దుకో!"

సభలో అందరూ నవ్వారు. బయ్యన్న మాత్రం నవ్వలేదు. ఆ వచ్చినవాళ్లలో పచ్చిబాలింతలు ఇద్దరున్నారు మరి.

మర్నాడు మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. పప్పన్నం ముద్ద నోట పెట్టుకుంటుండగా పక్కనున్న వంటసాలలోంచి పొగ వచ్చింది. అది మామూలు పొగ కాదు. బయ్యన్న వంటవాణ్ణి బతిమాలి, తట్టెడు ఎండుమిరపకాయలు నిప్పులమీద పోయించాడు!

రాజు తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. ఊపిరాడక, కళ్లు మండిపోయి, పాదుకలైనా తొడుక్కోకుండా, ఎంగిలిచేత్తోనే పెరటి గుమ్మంలోంచి పరుగు లంకించుకున్నాడు. కనబడిన మొదటి పంచలో చతికిలబడ్డాడు. అది ఏనుగులసాల.

కిరీటం లేదు, ఉత్తరీయం లేదు, ముక్కు ధారగా కారుతోంది. వచ్చినవాడు రాజని ఎవరనుకుంటారు? పోలమ్మ అనే ముసలమ్మ ముంతతో నీళ్లు తెచ్చింది.

"నీ ఇంటికీ నిప్పెట్టారా నాయనా? ముందు కళ్లు కడుక్కో."

"నేనెవరో అడగవేం అవ్వా?"

"పరిగెత్తుకొచ్చినోణ్ణి ముందే పేరడుగుతారా ఎక్కడన్నా? దప్పిక తీరినాక నువ్వే చెబుదువులే."

రాజు ముంత ఖాళీ చేశాడు. ఇంతలో బయ్యన్న మొహం గంభీరంగా పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎవరయ్యా నువ్వు? సొంత ఇల్లు విడిచి వచ్చావు, సోమరివా? నేరం చేశావా?"

"ఓరి నీ దుంప తెగ! పొగరా, పొగ! అందులో ఉంటే చస్తాను!"

"మరి తిరిగి ఎప్పుడు వెళతావు?"

"పొగ తగ్గితే వెళ్లనా? నా ఇల్లు కదా అది!"

బయ్యన్న చేతులు జోడించాడు. "వీళ్లూ అదే మాట చెబుతున్నారు ప్రభూ. వీళ్ల ఊళ్లో ఇంకా పొగ తగ్గలేదు."

రాజుకు పోలమ్మ వంక చూస్తే సిగ్గేసింది. తన ఎంగిలిచేయి చూసుకుంటే నవ్వొచ్చింది. పకపకా నవ్వేశాడు.

"ఓడిపోయానయ్యా! ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండనీ. ఈ సాల కప్పు ఇవాళే బాగుచేయించు," అంటూ తన కంకణం తీసి బయ్యన్న చేతికి తొడిగాడు.

వచ్చినవాడు రాజని పోలమ్మకు అప్పటికి తెలిసింది. కంగారుగా దణ్ణం పెట్టింది. అయినా అవ్వ అవ్వే కదా!

"రాజువైతే మాత్రం, సగం కడుపుతో లేచొచ్చినట్టున్నావు. సంగటుంది, కూచో నాయనా," అంది.

మేదినీవర్మ మారుమాట్లాడకుండా కూర్చున్నాడు.