ఎల్లాజీ మొదటి నిమిషం

గోడమీద తన పేరు రాయించుకోవాల్సిన రోజున కనకరాజు మొండికేశాడు.

విశాఖ చేపలరేవు పక్కన, మా జోగారావు మాస్టారి బాక్సింగ్ శాలలో అంతకు మించిన గౌరవం లేదు. జాతీయ పతకం తెచ్చినవాళ్ల పేర్లే ఆ గోడెక్కుతాయి. కనకరాజు ఆరేళ్లు చెమటోడ్చి తెచ్చాడు. కానీ అన్ని పేర్లకూ పైన, ఏ పతకమూ లేని పేరొకటి ఉంది. ఎల్లాజీ. ఒకప్పుడు మహా ఆటగాడట. సాధన ఎగ్గొట్టి, పెద్ద పోటీలకి తాగి వెళ్లి, అన్నీ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు రేవులో వలలు బాగుచేస్తున్నాడు.

"ఆ తాగుబోతు పేరు కింద నా పేరా మాస్టారూ? అది చెరిపేస్తేనే నాది రాయండి. లేదంటే నేను వేరే శాలకి పోతాను," అన్నాడు కనకరాజు.

గురువుతో అనే మాటేనా అది? మాస్టారికి మాత్రం కోపం రాలేదు.

"రేపు పొద్దున్న ఎల్లాజీని రమ్మంటాను. ఒక్క రౌండు ఆడు. మొహంమీద ఒక్క గుద్దు తగిలించు చాలు, నువ్వే చెరిపేద్దువు గాని," అన్నారు.

రౌండంటే మూడు నిమిషాలు. ఎల్లాజీకి యాభై రెండేళ్లు. పాపం, ముసలాణ్ణి ఎందుకు నలిపించడం అని మేమంతా గొణుక్కున్నాం.

మర్నాడు ఎల్లాజీ వచ్చాడు. పొట్ట ముందుకొచ్చింది. రాత్రి తాగిన వాసన ఇంకా పోలేదు. లుంగీ విప్పి పక్కన పెట్టి, నిక్కరుతో రింగెక్కాడు. గంట కొట్టారు.

ఏం చెప్పమంటారు. కనకరాజు గుద్దినచోట ఎల్లాజీ లేడు. చేతులు కిందికి వేలాడేసుకునే ఉన్నాడు. భుజం ఇంత కదిపేవాడు, కాలు ఇంత జరిపేవాడు, గుద్దు చెవి పక్కనుంచి పోయేది. ఒకటా రెండా. కనకరాజు పళ్లు బిగించి వేగం పెంచాడు. ఎల్లాజీ వాడి నుదుటిని గ్లవ్‌తో మెల్లగా తాకి, "ఇటున్నాను బాబూ," అన్నాడు. మనిషి అలా కదలగలడని కళ్లారా చూడకపోతే నేను నమ్మేవాణ్ణి కాదు.

నిమిషం దాటింది. ఎల్లాజీకి ఆయాసం పట్టుకుంది. కాళ్లు వణికాయి. వెనక్కి జరిగి జరిగి, మూలనున్న తాళ్లకి చేరగిలబడ్డాడు. మొహానికి అడ్డమే లేదు.

కనకరాజు చెయ్యెత్తాడు.

"కొట్టు బాబూ," అన్నాడు ఎల్లాజీ రొప్పుతూ. "నాకెప్పుడూ ఇక్కడికే అయిపోయేది."

ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కనకరాజు దాన్ని దించేశాడు. ఎల్లాజీని పట్టుకుని కింద కూర్చోబెట్టాడు. తన గ్లవ్స్ పళ్లతో లాగేసుకుని, ఆయన ఎదురుగా మోకాళ్లమీద కూచుని, ఆయన గ్లవ్స్ ముడులు విప్పసాగాడు.

"ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఎలా పాడుచేసుకున్నాడు మాస్టారూ?" అన్నాడు తలెత్తకుండా.

మాస్టారు రింగెక్కి ఎల్లాజీ భుజంమీద చెయ్యి వేశారు.

"మిగతా రెండు నిమిషాలు ఇతనికి నేర్పలేకపోయాను. నీకు నేర్పాను," అన్నారు. "ఆ మొదటి నిమిషం మాత్రం, ఇన్నేళ్లలో ఎవరికీ నేర్పలేకపోయాను."