సూరమ్మ విస్తరి

పశువుల కొట్టంలో ఆ రోజు పొద్దుట్నుంచి ఎవరూ గడ్డిపరక ముట్టలేదు. ముసలి బర్రె సూరమ్మ పోయి పదో రోజు. కుడితి తొట్టి పక్కన బండ మీద విస్తరి వేసి, ఆమెకి ప్రాణమైన తెలగపిండి ముద్ద, బెల్లం ముక్క పెట్టారు. కాకి వచ్చి ముడితే సూరమ్మ తృప్తిపడినట్టు. అంతదాకా మిగతావాళ్లు తినకూడదు.

కాకి రాకపోలేదు. పొద్దున్నే వచ్చి కొట్టం చూరు మీద కూర్చుంది. కూర్చుని ముక్కు గీరుకుంటోంది.

"ముట్టవేం నాయనా? మిట్టమధ్యాహ్నం అయింది," అంది సూరమ్మ కూతురు, కొమ్ముల్లేని బోడెమ్మ. అడగడం అది మూడోసారి.

"నేనేం చెయ్యను అక్కా! మీ అమ్మకి ఏదో కోరిక మిగిలిపోయింది. ముక్కు దిగట్లేదు," అన్నాడు కాకి కాళయ్య, తెగ బాధపడిపోతూ.

ముసలెద్దు వీరమామ గొంతు సవరించుకున్నాడు. "ఎంత శాంతమూర్తి సూరమ్మ! ఒక్కనాడు ఎవర్నీ కసిరి ఎరగదు."

"అవునవును," అంది గొర్రె గోపెమ్మ. "పిల్లల్ని బతిమాలి బతిమాలి తినిపించేది."

బోడెమ్మకి ఒళ్లు మండింది. శాంతమూర్తట! కొమ్ము విసరందే అమ్మకి పూట గడిచేది కాదు. ఆ కొమ్ము పోట్లు ఎక్కువ తిన్నది ఈ వీరమామే. ఇక బతిమాలడమా? మా అమ్మా? బోడెమ్మ తోకతో ఈగల్ని కొట్టింది. అక్కడ ఈగలు లేవు.

"నీ మనవల్ని మేం చూసుకుంటాంలే సూరమ్మా," అని వీరమామ మొక్కాడు. కాళయ్య తల అడ్డంగా ఊపాడు. "నీ చోటు ఎవరికీ ఇవ్వం," అని గోపెమ్మ మొక్కింది. మళ్లీ అడ్డంగానే.

"ఆఁ... తెలుస్తోంది," అన్నాడు కాళయ్య కళ్లు మూసుకుని. "దూడల తవుడులో రోజూ సగం ఎవరికో పెట్టాలని ఆమె కోరిక. వాళ్లు నల్లగా ఉంటారు. రెక్కలుంటాయి."

"మాటిచ్చెయ్యి బోడెమ్మా, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు వీరమామ.

"అవునవును, ఇచ్చెయ్యి," అంది గోపెమ్మ.

ఎలా ఇస్తుంది? పక్కన ఆనుకుని నిలబడ్డ తన రెండు దూడలకీ డొక్కలు తేలి ఉన్నాయి. సగం తవుడు పోతే ఈ ఎండాకాలం గట్టెక్కవు. ఇవ్వకపోతే అమ్మకి శాంతి లేదంటున్నాడు కాళయ్య. ఏం చెయ్యాలమ్మా అనుకుంటూ విస్తరి వైపు చూసింది.

చూస్తుంటే తన చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఒకరోజు అలిగి తవుడు వద్దంది. "తింటావా, తినవా?" అని అమ్మ ఒక్కసారే అడిగింది. తర్వాత తొట్టి అడుగు దాకా తనే నాకేసింది. సాయంత్రం మాత్రం కూతురి ఒళ్లంతా నాకుతూ కూర్చుంది.

"కాళయ్యా, ఇక ఒక్కసారే అడుగుతున్నా. తింటావా, తినవా?"

"కోరిక తీరందే ఎలా తినను అక్కా?"

"సరే. పిల్లలూ, రండర్రా! మీ అమ్మమ్మ విస్తరి ఇక మీకే."

"అపచారం!" అని అరిచాడు వీరమామ.

"ఊరుకో మామా! అలిగి కూర్చున్నవాళ్లని మా అమ్మ రెండోసారి అడగలేదు. ఆమె రోజున ఆమె పద్ధతే."

దూడలు తోకలెత్తి ఉరికాయి. "ఆగండాగండి!" అంటూ కాళయ్య చూరు మీంచి దూకి, తెలగపిండిలో కళ్లదాకా ముక్కు దూర్చేశాడు.

"ముట్టాడు! ముట్టాడు!" అని గంతులేసింది గోపెమ్మ.

"అది కాదక్కా... ఆ కోరిక..." అన్నాడు కాళయ్య నోటినిండా పిండితో.

"తీరిందిగా. ఇక వెళ్లిరా," అంది బోడెమ్మ. కాళయ్య రెండోసారి నోట కరుచుకునేలోపు దూడలు ముద్దనీ బెల్లాన్నీ విస్తరితో సహా నమిలేశాయి.

"అచ్చం మీ అమ్మవేనే," అన్నాడు వీరమామ. "కొమ్ములే తక్కువ."

"అవునవును," అంది గోపెమ్మ.

ఈసారి బోడెమ్మకి కోపం రాలేదు. పది రోజుల్లో మొదటిసారి భోరున ఏడ్చింది.

నీతి: పోయినవాళ్లకి లేని మంచితనం అంటగట్టి పొగిడే కంటే, వాళ్లకున్న పద్ధతి ఒక్కటి నిలబెట్టడం మేలు.