చాకలి నూకాలు పేరున అడిగే మాట

అనగనగా అంటే, మీ ముత్తవ్వకి ముత్తవ్వ కూడా పుట్టని కాలం. నాగావళి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో నూకాలని ఒక చాకలి. ఊ కొడుతూ వినండర్రా, లేకపోతే నేను చెప్పను.

ఊళ్లో ఆడవాళ్ల ముట్టుగుడ్డలన్నీ నూకాలే ఉతికేది. ఎవరు పెద్దమనిషైందీ, ఎవరికి నెల తప్పిందీ ముందు ఆమెకే తెలిసేది. కానీ ఒక కట్టుబాటుంది. చాకలి చూసింది చాకిరేవు దాటకూడదు. దాటిందా, ఇంటింటా పెట్టే కూడు పోతుంది.

ఊరిపెద్ద నాయుడి కూతురు తవిటమ్మ సమర్తాడింది. మొదటి నెల గుడ్డల మూట చిన్నది. రెండో నెల పెద్దది. మూడో నెల ఇరవై రోజులైనా మూట వస్తూనే ఉంది.

నూకాలు ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్లింది.

"అమ్మగోరూ, పాపకి వైద్దిం సేయించండి."

"నోర్ముయ్యే! పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పెళ్లయితే అదే తగ్గుతాది."

నాయనమ్మ దగ్గరికి వెళ్లింది.

"మేం సెప్పుకున్నామేటే? ఓర్చుకున్నాం" అందావిడ. ఓర్చుకోలేక పోయినవాళ్ల సంగతి మాత్రం ఎత్తలేదు లెండి!

మూడోసారి పెరట్లో తాటాకు చాప మీద పడున్న పిల్ల దగ్గరే కూర్చుంది.

"నూకాలప్పా, నానేటి పాపం సేసినాను?" అంది తవిటమ్మ. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"పాపమేటి నా తల్లీ! నాలుగైదు రోజులైతే అది ఆడపుటక. ఇరవై రోజులైతే రోగం. రోగానికి మందుంటాది."

"మరి నువ్వే సెప్పు నాన్నకి."

"నాను సెప్తే సాకలిదాని వాగుడంటారు. ఒళ్లు నీది, నువ్వే సెప్పాల. నాను వాకిట్లో నిలబడతాను."

తాంబూలాల నాడు, పదిమంది పెద్దల ముందు, తవిటమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నాకు ఇరవైమూడు రోజులై ముట్టు ఆగనేదు. మందిప్పించండి. పెళ్లి సంగతి తరవాత సూద్దురుగాని."

ఇంకేముంది! మగపెళ్లివారు లేచి వెళ్లిపోయారు. "ఎవరు నేర్పారే ఈ మాటలు?" అని తల్లి పిల్ల జుట్టు పట్టుకుంది.

"నానే" అంది నూకాలు వాకిట్లోంచి.

ఆ రోజు నుంచి ఆమె కుండలో ఎవరూ మెతుకు వెయ్యలేదు. నాయుడు మాత్రం తిట్టుకుంటూనే బండి కట్టించి పిల్లని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. మూడు నెలలకి తేరుకుని ఇంటికొచ్చిన తవిటమ్మ, కూడు పట్టుకుని నూకాలు గుడిసెకి పరిగెత్తింది. గుడిసె ఖాళీ. పొరుగూళ్లలో అడుక్కుంటూ దారిలోనే పోయిందట. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఏడుపాగదు.

తవిటమ్మ మరిచిపోలేదు. తన కూతురు పెద్దమనిషైన నాడు పేరంటం ఆపి ఒక మాట అడిగింది. నూకాలు మాట అంటారు దాన్ని. ఆ ఊళ్లో ఇప్పటికీ సమర్త పేరంటంలో నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి పంచేముందు పిల్లని మూడుసార్లు అడుగుతారు: "నీ ఒంట్లో ఎలాగుందే అమ్మా?" తల్లి జవాబు చెప్పకూడదు. నాయనమ్మ చెప్పకూడదు. పిల్లే చెప్పాలి. ఒకసారి ఒక సిగ్గరి పిల్ల పొద్దుగూకేదాకా నోరు తెరవలేదు. పేరంటాళ్లంతా ఆకలితో అలాగే కూర్చున్నారు. ఒక్కరూ చిమ్మిలి ముట్టలేదు.