బట్ట చాలని చోట

ఎవరైనా ప్రశ్న అడిగితే దస్తగిరి సారు జవాబు చెప్పరు, చెప్పుల కోసం వెతుకుతారు. రోడ్ల పనుల్లో తల నెరిసి, రిటైరయ్యాక నంద్యాలలో కుర్ర ఇంజినీర్లకు పని నేర్పుతున్న ఆయనకు అదొక అలవాటు. చెప్పులు దొరికాయంటే అడిగినవాళ్ళు వెంట నడవాల్సిందే, ఎండైనా బురదైనా తప్పించుకోవడానికి వీల్లేదు.

ఆ రోజు అడిగింది నీలవేణి. ఆయన శిష్యుల్లో చురుకైన పిల్ల. ఊరి బయట నల్లరేగడి నేలలో వేస్తున్న కొత్త రోడ్డు పని ఆమె చేతి మీదే నడుస్తోంది. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచి పెద్ద చేసింది అక్క వకుళ. పెంచడం అయిపోయిందన్న సంగతి మాత్రం వకుళకు ఇంకా తెలియలేదు. చెల్లెలి సంచి సర్దేది ఆమే, ఆ సంచి సోదా చేసేదీ ఆమే. పోయిన వారం నీలవేణికి నచ్చిన సంబంధాన్ని, ఆమెతో మాటమాత్రం చెప్పకుండా తిప్పి పంపేసింది.

"శ్రీకాకుళం వైపు పనికి పోతాను సార్. మీరొక మాట చెబితే పంపిస్తారు. ఫోను నంబరు కూడా మార్చేస్తా," అంది నీలవేణి. "సొంతవాళ్ళని పూర్తిగా తెంచుకోవడం తప్పంటారా?"

సారుకు చెప్పులు దొరికాయి.

పొద్దున పడిన వానకు నేలంతా జిగటగా ఉంది. పాత రోడ్డును తవ్వి పోసిన కుప్ప దగ్గర ఆయన ఆగారు. "ఇందులో రాయినీ మన్నునూ వేరు చేసి చూపించమ్మా," అన్నారు. వెనకటి రోజుల్లో అక్కడ రేగడి మీదే నేరుగా కంకర పోశారు. లారీలు తొక్కేకొద్దీ రాయి కిందికి దిగింది, మన్ను పైకి వచ్చింది. ఏ వానకావాన కొత్త కంకర పోయడం, అదీ మన్నులో కలిసిపోవడం. నీలవేణి ఒక పిడికెడు తీసి కాసేపు నలిపి చూసింది.

"రావట్లేదు సార్. రెండూ పాడైపోయినాయి."

ఆ అవస్థ పడకూడదనే కొత్త రోడ్డులో మన్నుకూ కంకరకూ నడుమ జియోటెక్స్‌టైల్ అనే బట్ట పరుస్తున్నారు. చూడ్డానికి దళసరి గొంగళిలా ఉంటుంది. దాని గుండా నీళ్ళు ఇంకి పక్కలకు పోతాయి, మన్ను మాత్రం దాటదు. అది పరిచిన మేర వాన పడ్డా రోడ్డు గట్టిగానే ఉంది. చివర కొంత దూరం మాత్రం కంకర లారీ తొక్కగానే కుంగి పక్కకు జారింది. చక్రాల గాడిలో నీళ్ళు కదలకుండా నిలిచాయి. సారు కర్రతో కంకర తోసి చూస్తే కింద నల్లగా మెరుస్తూ ప్లాస్టిక్ షీటు, రైతులు నీటి కుంటల్లో పరిచేది, కనబడింది.

"ఇదెవరు వేయమన్నారు?"

"నేనే సార్. బట్ట చాలలేదు. షీటైతే నీటిచుక్క కూడా దాటదు కదా, ఇంకా మంచిదే అనుకున్నా."

చెబుతూండగానే ఆమెకు అర్థమైంది. పైన పడ్డ నీరు దిగే దారి లేదు, కింది మన్నులోని చెమ్మ పైకి వచ్చే దారీ లేదు. సిగ్గేసింది. ఆ ముక్కంతా మళ్ళీ తవ్వాలి.

సంచిలో ఫోను మోగింది. పొద్దుటి నుంచీ అది మోగుతూనే ఉంది, ఆమె కట్ చేస్తూనే ఉంది. ఈసారి బయటికి తీసి, అక్క పేరు చూసి, ఏం చేయాలో తోచక సారు వైపు చూసింది.

"మాట్లాడితే మళ్ళీ మొదలవుతుంది సార్. నేనేం కట్టుకోవాలో, ఎవర్ని చేసుకోవాలో అన్నీ ఆమే చెబుతుంది."

దస్తగిరి సారు వంగి, చెప్పులకు అంటిన రేగడిని పుల్లతో గీకుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

"షీటు తీయించి బట్ట వేయించు తల్లీ. నీళ్ళను పోనియ్యి. మన్ను రాకుంటే చాలు."