పెంటమ్మ చాటు

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందట అని అడక్కండి. ఆడవాళ్లు దప్పికను కొంగున ముడేసుకుని తిరిగిన కాలం. ఊ కొట్టండి, చెబుతాను. మగపిల్లలు కాస్త గట్టిగా కొట్టండి.

ఒక ఊరుండేది. చుట్టూ మెరక చేలు. గుట్ట లేదు, గుబురు లేదు, మనిషి మరుగు పడేంత మొక్క లేదు. మగాళ్లకు చాటుతో పనేముంది? గట్టు మీద కూర్చునే దారిన పోయేవాణ్ణి పలకరించేవాళ్లు. ఆడవాళ్లకు చీకటే చాటు. తెల్లారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి. మధ్యలో ప్రాణం మీదికొచ్చినా సరే, పొద్దు గూకాల్సిందే.

ఆ ఊళ్లో ఒక మేదరి మనిషి. బుట్టలు, చేటలు, తడికెలు అల్లి బతికేది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పోయారని, తల్లి ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి పెంటమ్మ అని పేరు పెట్టింది. అలాంటి పేరు వింటే చావు ముక్కు మూసుకుని వెళ్లిపోతుందట. చావు వెళ్లిపోయింది. ఊరు మాత్రం ముక్కు మూసుకుని అక్కడే నిలబడింది.

ఆ ఊరికి పెద్దకాపు ఒకడు. గొప్ప ధర్మాత్ముడు. ఎండలు ముదిరితే బాట పక్కన చలివేంద్రం పెట్టించి, దారిన పోయే ప్రతివాడికీ చల్లటి నీళ్లు పోయించేవాడు.

ఒకనాడు పెంటమ్మ చేటలివ్వడానికి పెద్దకాపు పెరట్లోకి వెళ్లింది. అతని కోడలు నాంచారమ్మ గోడకు చేరగిలబడి ఉంది. తొలిచూలు. పెదవులు బీటలు వారి ఉన్నాయి.

"ఏం తల్లీ, నీళ్లు తాగవా?"

"తాగితే పోవాలిగా పెంటమ్మా."

"పోతే?"

"పొద్దు గూకాలిగా."

"మంటగా ఉందా?"

నాంచారమ్మ అటూ ఇటూ చూసింది. "నిప్పులు పోసినట్టుంది. ఎవరితోనూ అనకు."

పెంటమ్మ ఎవరితోనూ అనలేదు. ఇంటికెళ్లి వెదురు చీల్చింది. ఊరి బయట బీడులో గుంటలు తవ్వి, చుట్టూ తడికెలు కట్టింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "తాగండమ్మా. పగలే వెళ్లండి."

పట్టుమని నాలుగు రోజులు వెళ్లారో లేదో, పెద్దకాపు పాలేర్లు ఆ తడికెలు ఊడబీకి మేకల దొడ్డికి కట్టారు.

"అయ్యా, అవి ఆడోళ్ల చాటుకని కట్టానయ్యా," అంది పెంటమ్మ.

"మేకలకు వడగాలి కొడుతోందే," అన్నాడు పెద్దకాపు.

"ఆడోళ్ల సంగతో?"

"ఆడోళ్లు ఓర్చుకుంటారు. మేకలు ఓర్చుకోలేవు. అరుస్తాయి."

పెంటమ్మ రెండోసారి కట్టింది. ఈసారి మొగుళ్లకు అనుమానం పుట్టింది. "ఆడది మొగుడి చాటున ఉండాలి గానీ తడికె చాటున దానికేం పని? అక్కడికెవడు వస్తున్నాడో!" అన్నాడొకడు. ఇంకొకడు చుట్ట నిప్పు అంటించాడు. ఎండు వెదురు టపటపా పేలింది. ఆడవాళ్లెవరూ పైకి ఏడవలేదు. ఏడవడానికీ చాటు కావాలిగా.

ఆ నెలలోనే నాంచారమ్మకు చలిజ్వరం పట్టింది. కడుపులో బిడ్డ కడుపులోనే పోయింది. "నీళ్లు లేక ఒళ్లెండి, ఆ మంటే లోపలికెక్కింది," అంది మంత్రసాని. "అంతా రాత," అన్నాడు పెద్దకాపు. పోయిన బిడ్డ పేరు చెప్పి ఆరోజు చలివేంద్రంలో మజ్జిగ పోయించాడు.

పెంటమ్మ ఆలోచించింది. మేక తిననిది ఏది? నిప్పంటుకోనిది ఏది? మగాడు పీకలేనిది ఏది?

జెముడు.

జెముడు కొమ్మ విరిస్తే పాలు కారతాయి. పాలు కంట్లో పడితే చూపు పోతుంది. అది ఊళ్లో పసివాళ్లకూ తెలుసు. పెంటమ్మకూ తెలుసు. విరిచింది, నాటింది. ఒక కన్ను పోయింది. విరిచింది, నాటింది. రెండో కన్నూ పోయింది. తడుముకుంటూ విరిచింది, తడుముకుంటూ నాటింది.

ఈసారి పాలేర్లు పీకబోయి, చేతులు బొబ్బలెక్కి పరిగెత్తారు.

మొదటి వానలకు కంచె మోకాలెత్తు పెరిగింది. రెండో ఏటి వానలకు నడుమెత్తు. మూడో ఏటికి రొమ్మెత్తు. నాంచారమ్మ వచ్చి చేయి పట్టుకుంది.

"ఇంకెంత ఎదగాలి తల్లీ?" అని అడిగింది పెంటమ్మ.

"ఇంకో ఏడు. నీ కళ్లు తినేసింది గదే ఈ ముదనష్టపు కంచె!"

"పోనీలే. నాకు పొద్దు ఎప్పుడో గూకింది. మీకిక గూకక్కర్లేదు."

నాలుగో ఏటి వానలు చూడకుండానే పెంటమ్మ పోయింది. మగాళ్లు ముక్కులు మూసుకుని, పాడె మోసేదెవరని అరుగుల మీద తర్జనభర్జన పడుతున్నారు. నాంచారమ్మ ముందు కొమ్ము భుజానికెత్తుకుంది. మిగతా ఆడవాళ్లు వెనక నడిచారు. కంచె వారనే పూడ్చారు.

కంచె తలెత్తు దాటాక పెద్దకాపు అక్కడొక బండ పాతించాడు. ఇది తన ధర్మమని దాని మీద చెక్కించాడు. ఆడవాళ్లకు చదువు రాదు. చెంబులు బోర్లించుకోవడానికి బాగుందనుకున్నారు.

నాంచారమ్మకు మళ్లీ కడుపు పండలేదు. ఊళ్లోకి ఏ కొత్తకోడలు వచ్చినా మాత్రం పొలిమేరలో చెంబుతో నిలబడేది. ఆమె పోయాక ఇంకొకామె నిలబడింది. ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లికూతురు గడప తొక్కకముందే నిండు చెంబు నీళ్లు తాగాలి. చుక్క మిగల్చకూడదు. సిగ్గుపడితే ముసలమ్మలు ఊరుకోరు.

"తాగవే, పెంటమ్మ ఉంది," అంటారు.

ఆ చుట్టుపక్కల పిల్లనిచ్చేవాళ్లు కూడా చేనెంత, చెలకెంత అని తర్వాత అడుగుతారు. ముందు అడిగేది ఒకటే: "మీ ఊళ్లో పెంటమ్మ ఉందా?"

కథలన్నీ కంచికి వెళతాయంటారు. ఈ కథ వెళ్లలేదు. ఆ కంచె దగ్గరే ఆగిపోయింది. ఉందా అని అడిగితే తల దించుకునే ఊళ్లు ఇంకా ఉన్నాయట. అక్కడ కోడళ్ల పెదవులు ఇంకా బీటలు వారే ఉన్నాయట.